నీలి మాత్ర ఎలా పుట్టింది? సిల్డెనఫిల్ చరిత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

వయాగ్రా పేరు వినని వాళ్లు అరుదు. అంగస్తంభన సమస్యకు వాడే ఆ నీలి మాత్రలోని మందే సిల్డెనఫిల్. అది ఎలా పుట్టిందో మాత్రం చాలామంది సగమే చెప్పుకుంటారు: గుండెకని చేసిన మందు పొరపాటున ఇంకోదానికి పనికొచ్చిందని. ఆ మాటలో కొంత నిజముంది. కానీ ఆ ఒక్క వాక్యంతో సరిపెడితే పదేళ్ల శ్రమ, అప్పుడే వెలుగులోకి వస్తున్న ఒక కొత్త శాస్త్రం, నోరు విప్పి చెప్పిన వాలంటీర్లు అందరూ కథలోంచి జారిపోతారు. పాఠకులు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ఈ మాత్ర రాకముందు అంగస్తంభన సమస్యకు చికిత్సే లేదా?

ఉండేది, కానీ ఏదీ సులువైనది కాదు. 1970ల నుంచి ఆపరేషన్ చేసి లోపల అమర్చే పరికరాలు ఉన్నాయి. గాలి పీల్చి రక్తాన్ని లాగే పంపులు ఉన్నాయి. 1982లో ఫ్రాన్స్ సర్జన్ రోనాల్డ్ విరాగ్, పాపవెరిన్ అనే మందును అంగంలోకి నేరుగా ఇంజెక్షన్ చేస్తే స్తంభన వస్తుందని ప్రచురించారు.

ఆ మరుసటి ఏడాది జరిగిన సంఘటన యూరాలజీ డాక్టర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1983లో లాస్ వేగాస్‌లో ఒక వైద్య సదస్సు జరుగుతోంది. బ్రిటిష్ శాస్త్రవేత్త గైల్స్ బ్రిండ్లీ ట్రాక్ సూట్ వేసుకుని వేదికెక్కారు. తన మీద తానే చేసుకున్న ప్రయోగాల స్లైడ్లు ఒక్కొక్కటీ చూపించారు. అవి చూసి ఎవరైనా ఇది మనసు ప్రభావం అంటారేమోనని, హోటల్ గదిలోనే ఇంజెక్షన్ తీసుకుని వచ్చానని చెప్పారు. ఆపైన ప్యాంటు దించి, అనుమానం ఉన్నవాళ్లు దగ్గర నుంచి చూడండంటూ ముందు వరసలోని శ్రోతల వైపు నడిచారు. సభ నివ్వెరపోయింది. ఆయన పద్ధతిని ఎవరైనా తప్పుపట్టవచ్చు. ఆయన రుజువు చేసిన విషయాన్ని మాత్రం ఎవరూ కాదనలేకపోయారు. రక్తనాళాల చుట్టూ ఉన్న కండరం సడలితే చాలు, మనసులో ఏ ఉద్రేకమూ లేకపోయినా స్తంభన వస్తుంది. అప్పటిదాకా ఈ సమస్య చాలావరకు మనసుకు సంబంధించినదేనని చాలామంది డాక్టర్లే నమ్మేవారు.

1995లో ఆల్‌ప్రోస్టాడిల్ ఇంజెక్షన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. మందు పనిచేసేది, కానీ ప్రతిసారీ సూది గుచ్చుకోవాలి. నోటితో మింగే నమ్మకమైన మాత్ర లేదు.

సిల్డెనఫిల్‌ను మొదట దేనికోసం చేశారు?

ముందు అధిక రక్తపోటు కోసం, ఆ తర్వాత గుండెకు రక్తం సరిగా అందక వచ్చే ఛాతీనొప్పి కోసం. దాన్నే యాంజైనా అంటారు. ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో శాండ్‌విచ్ అనే ఊరుంది. ఫైజర్ కంపెనీ పరిశోధన కేంద్రం అక్కడ ఉండేది. 1980ల నడుమ సైమన్ క్యాంప్‌బెల్, డేవిడ్ రాబర్ట్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఈ పనికి ప్రతిపాదన పెట్టారు. వాళ్ల ఆలోచన ఇది: రక్తనాళాల గోడల్లోని కండరాన్ని సడలించే సందేశాన్ని కణాల లోపల మోసేది సైక్లిక్ జీఎంపీ అనే చిన్న అణువు. దాన్ని విరగ్గొట్టే ఎంజైము పీడీఈ5. ఆ ఎంజైమును ఆపితే నాళాలు సడలి, రక్తపోటు తగ్గాలి.

చేతిలో ఉన్న ఆధారం జాప్రినాస్ట్ అనే పాత అణువు. అలర్జీ కోసం వేరే చోట తయారైన ఆ మందుకు పీడీఈ5ను కొద్దిగా ఆపే గుణం ఉంది. అది బలహీనం, పైగా గురి లేనిది. దాన్ని పట్టుకుని నికొలస్ టెరెట్, ఆండ్రూ బెల్, డేవిడ్ బ్రౌన్ తదితరులు ఒక్కో భాగం మారుస్తూ వందల అణువులు చేసి చూశారు. గురి కుదరడం ఎందుకంత ముఖ్యమంటే, పీడీఈ కుటుంబంలో చాలా ఎంజైములున్నాయి. వాటిలో పీడీఈ3కి గుండె కొట్టుకునే బలంతో సంబంధం ఉంది. పొరపాటున దాన్ని తాకితే గుండెకే ముప్పు. 1989లో తయారైన యూకే-92,480 అనే అణువు ఆ పరీక్షలన్నీ నెగ్గింది. అదే సిల్డెనఫిల్.

మరి గుండెనొప్పికి ఎందుకు పనికిరాలేదు?

1991లో మనుషుల మీద పరీక్షలు మొదలయ్యాయి. ఆశించినంత ఫలితం రాలేదు. శరీరంలో మందు సగానికి తగ్గడానికి దాదాపు 4 గంటలే పడుతుంది, అంటే రోజుకు మూడుసార్లు వేసుకోవాలి. ఎక్కువ మోతాదులో ఒళ్లునొప్పులు వచ్చాయి. అన్నిటికంటే పెద్ద అడ్డంకి, ఛాతీనొప్పి రోగులు మామూలుగా వాడే నైట్రేట్ మందులతో ఇది కలిస్తే రక్తపోటు బాగా పడిపోతోంది. ఏ రోగుల కోసం చేశారో వాళ్ల జేబులో ఉన్న మందుతోనే పొసగకపోతే ఇంక చెప్పేదేముంది.

అయితే దీన్ని అనుకోకుండా కనిపెట్టారన్నమాట నిజమేనా?

సూచన అనుకోకుండా దొరికింది. మందు అలా దొరకలేదు. ఈ తేడా పోగొట్టుకుంటే కథ అర్థం కాదు.

ప్రచారంలో ఉన్న కథల్లో ఛాతీనొప్పి రోగులు మిగిలిన మాత్రలు తిరిగి ఇవ్వలేదని చెబుతారు. పరీక్షలు నడిపించిన డాక్టర్ ఇయాన్ ఆస్టర్‌లో చెప్పిన వివరం వేరు. స్తంభన గురించిన మాట వచ్చింది ఆరోగ్యవంతులైన వాలంటీర్ల నుంచి. వాళ్లకు రోజుకు పలుమార్లు, వరసగా కొన్ని రోజులు మందు ఇచ్చి ఏమవుతుందో గమనించే ట్రయల్ అది. వేల్స్‌లోని మెర్తిర్ టిడ్‌ఫిల్ పట్టణంలో కూడా ఇలాంటి ట్రయల్ జరిగింది. పాల్గొన్నవాళ్లు మామూలు శ్రామికులు. తలనొప్పి వచ్చిందా, అజీర్తి ఉందా, నడుము నొప్పి ఉందా అని అడుగుతుంటే కొందరు ఇంకో సంగతి కూడా చెప్పారు: మామూలుకంటే ఎక్కువగా, ఎక్కువ సేపు స్తంభనలు వస్తున్నాయని.

ఒక్క క్షణం ఆ గదిని ఊహించుకోండి. తెల్లకోటు వేసుకున్న అపరిచితులు ఎదురుగా కూర్చుని ఫారం నింపుతున్నారు. తలనొప్పి, కడుపునొప్పి అని చెప్పి ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఆ మగవాళ్లు అక్కడితో ఆగలేదు. చాలా సంస్కృతుల్లో మగాడు నోరెత్తని విషయాన్ని చెప్పి, రాయించారు. మందుల చరిత్రలో వాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. నా దృష్టిలో ఈ ఆవిష్కరణలో వాళ్ల వాటా చిన్నది కాదు.

ఆ మాట విన్నప్పుడు కంపెనీలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదని ఆస్టర్‌లో స్వయంగా చెప్పారు. ఆ మాటకు విలువ వచ్చింది బయట జరుగుతున్న పరిశోధన వల్ల.

బయట జరిగిన ఆ పరిశోధన ఏమిటి?

నైట్రిక్ ఆక్సైడ్ కథ. రక్తనాళాల లోపలి పొర ఏదో విడుదల చేసి కండరాన్ని సడలిస్తోందని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1980లో చూపించారు. ఆ ఏదో ఒక వాయువని, నైట్రిక్ ఆక్సైడేనని 1980ల రెండో సగంలో తేలింది. 1992 జనవరిలో లూయీ ఇగ్నారో, జేకబ్ రాజ్‌ఫర్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పత్రం ప్రచురించింది: అంగంలోని మెత్తటి కండరం సడలడానికి నరాలు పంపే సంకేతం కూడా నైట్రిక్ ఆక్సైడేనని. నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనేమిటి? సైక్లిక్ జీఎంపీని పెంచడం. ఆ సైక్లిక్ జీఎంపీని విరగ్గొట్టేది? పీడీఈ5. శాండ్‌విచ్‌లోని బృందం ఏళ్ల తరబడి ఆపడం నేర్చుకున్న ఎంజైము అదే.

వాలంటీర్లు చెప్పిన మాట, ఈ పత్రం చెప్పిన మాట ఒకదానిపక్కన ఒకటి పెట్టి చూసినవాళ్లకు దారి కనిపించింది. ఫర్చ్‌గాట్, ఇగ్నారో, ఫెరిద్ మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. మాత్ర అమ్మకానికి వచ్చిందీ అదే ఏడాది.

మాత్ర వేసుకోగానే దానంతటదే స్తంభన వస్తుందా?

రాదు. కోరిక కలిగి నరాలు నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తేనే సైక్లిక్ జీఎంపీ తయారవుతుంది. మాత్ర కుళాయి తిప్పదు, తొట్టి అడుగున నీరు పోయే రంధ్రాన్ని ఇరుకు చేస్తుంది. పైనుంచి ధార లేకపోతే తొట్టి నిండదు. ఇది కోరికను పెంచే మందు కాదని, బ్రిండ్లీ తీసుకున్న ఇంజెక్షన్ లాంటిది కాదని చెప్పడానికి ఇంతకంటే వేరే వివరణ అక్కర్లేదు. ఖాళీ కడుపున వేసుకుంటే త్వరగా పనిచేస్తుంది. కొవ్వు ఎక్కువున్న భోజనం తర్వాత వేసుకుంటే రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడం దాదాపు గంట ఆలస్యమవుతుంది. మాత్ర పనిచేయలేదని నిరాశపడే కొందరి సమస్య ఇదే.

స్తంభన సమస్య మీద పరీక్షలు ఎలా చేశారు? దాన్ని కొలిచేదెలా?

అప్పటికి అది నిజంగానే చిక్కు ప్రశ్న. రక్తపోటుకైతే పట్టీ ఉంది, షుగర్‌కు రక్తపరీక్ష ఉంది. దీనికేముంది?

1993 చివర్లో మొదటి చిన్న ప్రయత్నాలు బ్రిస్టల్ నగరంలో జరిగాయి. 1996లో అచ్చయిన తొలి అధ్యయనంలో ఉన్నది 12 మంది. ఉంగరాల్లాంటి పట్టీలతో చుట్టుకొలత, గట్టిదనం నమోదు చేసే యంత్రం వాడారు. దాంతోపాటు వాళ్లు ఇంటి దగ్గర ఏం జరిగిందో డైరీ రాశారు. అంతకుముందు రోజంతా మందు ఉండాలనుకుని మూడుపూటలా ఇచ్చేవారు. ఇక్కడ అవసరానికి గంట ముందు ఒక్క మాత్ర చాలని తేలింది. ఛాతీనొప్పికి లోపమైన ఆ 4 గంటల లెక్క ఇక్కడ సుగుణమైంది.

పెద్ద పరీక్షలకు యంత్రాలు కుదరవు. మనస్తత్వ శాస్త్రవేత్త రేమండ్ రోజెన్, సహచరులు కలిసి 15 ప్రశ్నల పత్రం తయారుచేశారు. వేర్వేరు భాషల్లో అర్థం చెడకుండా ఉండేలా పరీక్షించి, 1997లో ప్రచురించారు. అదే ఐఐఈఎఫ్, అంటే స్తంభన పనితీరును కొలిచే అంతర్జాతీయ సూచిక. స్తంభన వచ్చిందా, నిలిచిందా, తృప్తి ఉందా, కోరిక ఉందా అని విడివిడిగా అడుగుతుంది. ఇవాళ ఈ రంగంలో వచ్చే దాదాపు ప్రతి కొత్త మందునూ దాంతోనే తూస్తున్నారు. నీలి మాత్రకు దక్కిన కీర్తిలో ఈ ప్రశ్నపత్రానికి రావలసిన వాటా రాలేదనిపిస్తుంది.

1998 మేలో అచ్చయిన ప్రధాన అధ్యయనంలో, చివరి నాలుగు వారాల్లో మందు తీసుకున్నవారి ప్రయత్నాల్లో 69 శాతం సఫలమయ్యాయి. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 22 శాతం.

కనిపెట్టింది ఎవరు? ఒక్క పేరు చెప్పగలరా?

లేదు. అణువు పేటెంటు మీద బెల్, బ్రౌన్, టెరెట్ పేర్లున్నాయి. స్తంభన సమస్యకు వాడే పేటెంటు మీద పీటర్ ఎల్లిస్, టెరెట్ పేర్లున్నాయి. ప్రతిపాదన పెట్టినవారు వేరు, మనుషుల మీద పరీక్షలు నడిపినవారు వేరు. ఒక్కరిని సృష్టికర్త అని పిలవడం పత్రికలకు సులువు, అంతే.

ఫ్యాక్టరీలో తయారుచేయడం కూడా ఒక కథేనా?

మంచి కథ, బయట పెద్దగా ఎవరూ చెప్పనిది. ల్యాబ్‌లో మొదట చేసిన దారిలో దిగుబడి 7.5 శాతం. పైగా ఇబ్బందికరమైన సల్ఫర్ చర్య చివర్లో వచ్చేది, అప్పుడు మిగిలిపోయే మలినాలు మందులోనే ఉండిపోయేవి. ప్రక్రియ బృందం వరస తిరగేసింది. ఆ చర్యను ముందుకు జరిపి, రెండు ముక్కలు విడివిడిగా చేసుకుని, చివర్లో శుభ్రంగా ముగిసే వలయపు చర్య పెట్టింది. దిగుబడి 75.8 శాతానికి చేరింది. కిలో మందుకు మొదట్లో 1,300 లీటర్ల ద్రావకాలు ఖర్చయ్యేవి. తిరిగి వాడుకోవడం మొదలయ్యాక ఆ లెక్క 7 లీటర్లకు దిగింది. కాలుష్యం తక్కువగా మందులు చేయడం నేర్పేటప్పుడు కెమిస్ట్రీ ఉపాధ్యాయులు ఇప్పటికీ ఈ ఉదాహరణ తీసుకుంటారు.

అనుమతి ఎప్పుడు వచ్చింది?

అమెరికాలో 1998 మార్చి 27న, ఐరోపాలో అదే ఏడాది సెప్టెంబరులో. మోతాదులు 25, 50, 100 మిల్లీగ్రాములు.

నైట్రేట్‌లు వాడేవాళ్లు వేసుకోకూడదని అంత గట్టిగా ఎందుకు చెబుతారు?

ఎందుకంటే ప్రాణం మీదికి వస్తుంది. నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్రలు, స్ప్రేలు, ఐసోసార్బైడ్ మాత్రలు నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచుతాయి. సిల్డెనఫిల్ దాని ప్రభావం తగ్గకుండా ఆపుతుంది. రెండూ కలిస్తే నాళాలు ఒక్కసారిగా సడలి రక్తపోటు కుప్పకూలుతుంది. విడుదలైన మొదటి ఏడాదే మరణాల వార్తలు వచ్చాయి. 1998 నవంబరులో అమెరికాలో లేబుల్ మీద హెచ్చరికలు పెంచారు. సిల్డెనఫిల్ వేసుకున్నాక 24 గంటలు, ఇదే కోవకు చెందిన టడలఫిల్ వేసుకున్నాక 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదన్నది పాటించే లెక్క. ఛాతీనొప్పితో ఆసుపత్రికి వెళ్తే ఈ మాత్ర వేసుకున్న సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. సిగ్గుపడి దాచితే, వాళ్లు మంచి చేయబోయి ఇచ్చే మందే ప్రమాదమవుతుంది. ప్రోస్టేట్‌కు, రక్తపోటుకు వాడే ఆల్ఫా బ్లాకర్లతో కూడా జాగ్రత్త అవసరం.

ఇంకో మాట. అంగంలోని రక్తనాళాలు గుండె నాళాలకంటే సన్నవి. అందుకని నాళాలు పూడుకుపోయే జబ్బు కొందరిలో ముందు ఇక్కడే బయటపడుతుంది. మాత్ర కోసం డాక్టరు దగ్గరికి వెళ్లిన మనిషికి గుండె పరీక్ష, షుగర్ పరీక్ష రాస్తే అది అనవసర ఖర్చు కాదు.

చూపు నీలంగా మారుతుందట, నిజమేనా?

కొందరికి, ముఖ్యంగా ఎక్కువ మోతాదులో, కాసేపు. కంటి వెనుక తెరలో పీడీఈ6 అనే దగ్గరి చుట్టం ఉంది. సిల్డెనఫిల్ దాన్ని కూడా కొంత తాకుతుంది. ఇది మాత్ర రంగు వల్ల కాదు. ఒక కన్ను చూపు హఠాత్తుగా పోవడం మాత్రం వేరే సంగతి. చాలా అరుదు, కానీ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ హెచ్చరికను 2005లో, హఠాత్తుగా వినికిడి తగ్గడం గురించిన హెచ్చరికను 2007లో చేర్చారు.

టడలఫిల్, వర్డెనఫిల్ అనే మందులు సిల్డెనఫిల్‌కు నకళ్లా?

కాదు. ఎంజైము ఒకటే, అణువులు వేరు. టడలఫిల్ పని 1990ల మొదట్లోనే ఐకోస్, గ్లాక్సో కంపెనీలు కలిసి మొదలుపెట్టాయి. గ్లాక్సో మధ్యలో తప్పుకుంది, తర్వాత ఎలి లిల్లీ చేయి కలిపింది. దాని బలం కాలం: శరీరంలో సగానికి తగ్గడానికి 17.5 గంటలు పడుతుంది, కాబట్టి ఒకటిన్నర రోజుదాకా పనిచేస్తుంది. గడియారం చూసుకునే పని తప్పడం చాలా జంటలకు పెద్ద ఊరట. అమెరికాలో 2003 ఆగస్టులో బేయర్ వారి వర్డెనఫిల్‌కు, నవంబరులో టడలఫిల్‌కు అనుమతి వచ్చింది. అదే కోవలోని అవనాఫిల్ 2012లో వచ్చింది.

ఆడవాళ్లకు పనిచేస్తుందా?

ఫైజర్ ఏళ్లపాటు పరీక్షలు చేసి, 2004లో ఆపేసింది. రక్తప్రవాహం పెరిగినా అనుభవంలో నిలకడైన తేడా కనిపించలేదు.

పేటెంటు గొడవలు ఎందుకు వచ్చాయి?

బ్రిటన్‌లో స్తంభన సమస్యకు వాడే పేటెంటును 2000లో కోర్టు రద్దుచేసింది, 2002లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. 1992 నాటి ఆ నైట్రిక్ ఆక్సైడ్ పత్రం చదివిన నిపుణుడికి తర్వాతి అడుగు తట్టి ఉండేదన్నది వాదనలో కీలకం. శాస్త్రం కోణంలో చూస్తే ఇది ఆలోచించాల్సిన తీర్పు. అందరి ముందూ ఉన్న పత్రమే అయినా, చేతిలో సిద్ధమైన అణువు, వాలంటీర్లు చెప్పిన మాట ఉన్నది ఒక్క చోటే.

కెనడా సుప్రీంకోర్టు 2012లో మరో కారణం చెప్పింది. పేటెంటులో ఎన్నో అణువులు ఏకరువు పెట్టి, నిజంగా పనిచేసేది ఏదో స్పష్టంగా చెప్పలేదని. ఐరోపాలో చాలా దేశాల్లో 2013లో గడువు ముగిసింది. అమెరికాలో జెనరిక్ మాత్రలు 2017 డిసెంబరులో వచ్చాయి. బ్రిటన్‌లో 2018 నుంచి 50 మిల్లీగ్రాముల మాత్రను, ఫార్మసిస్టు ప్రశ్నలు అడిగి సరే అనుకుంటే, చీటీ లేకుండానే ఇస్తున్నారు.

"పూర్తిగా మూలికలతో చేసినది, సైడ్ ఎఫెక్టులు లేవు" అనే పొడులు, గుళికలు వాడవచ్చా?

వద్దు. ఇలాంటి ఎన్నో ఉత్పత్తులను పరీక్షించినప్పుడు లోపల సిల్డెనఫిల్‌నో దాని రూపాంతరాన్నో కలిపినట్టు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పదేపదే బయటపెట్టింది. ఎంత ఉందో తెలియదు, ఉందనే తెలియదు. నైట్రేట్ వాడే మనిషి మూలికే కదా అని వేసుకుంటే ఏమవుతుందో పైన చెప్పాం.

పసిపిల్లలకు కూడా ఈ మందు ఇస్తారని విన్నాం. అపోహేనా?

అపోహ కాదు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో కూడా పీడీఈ5 బాగా ఉంటుంది. అక్కడ రక్తపోటు పెరిగితే కుడివైపు గుండె నలిగిపోతుంది. మనిషి నాలుగు మెట్లెక్కలేడు. ఆ జబ్బున్న పెద్దలకు 2005లో అమెరికాలో రెవేషియో పేరుతో సిల్డెనఫిల్ అనుమతి పొందింది: నీలిది కాదు, 20 మిల్లీగ్రాముల తెల్లటి గుండ్రటి మాత్ర, రోజుకు మూడుసార్లు. పిల్లలకు వాడటానికి ఐరోపాలో 2011లో అనుమతి వచ్చింది. మరుసటి ఏడాదే, పిల్లల్లో ఎక్కువ మోతాదు దీర్ఘకాలం వాడితే మరణాలు పెరుగుతున్నట్టు కనిపించడంతో అమెరికా హెచ్చరిక జారీచేసింది. అందుకే పిల్లలకు ఈ మందును బరువును బట్టి, తక్కువ మోతాదులో, ఆ జబ్బు చూసే నిపుణుల పర్యవేక్షణలోనే ఇస్తారు. మందుల చీటీలో సిల్డెనఫిల్ పేరు చూసి కంగారుపడే తల్లిదండ్రులు ఉంటారు. ఆ అణువు మొదటినుంచీ రక్తనాళాల మందేనని వాళ్లకు చెబితే చాలు.